గోధుమ రంగు తల్లి

పక్షుల గదిలోకి అడుగు పెట్టగానే గద్దమ్మ తలుపు దగ్గరగా వేసి, గోడకి వీపు ఆనించి, ఉలుకూ పలుకూ లేకుండా నిలబడింది. కొత్త మనిషిని చూసిన పిట్టలు కాసేపు అల్లాడిపోతాయి. ఆ గోల సద్దుమణిగితే గానీ ఏది ఏం చేస్తోందో తెలియదు.

గద్దమ్మ అన్నది ఆమెకి పోలీసులు పెట్టిన పేరు. వెక్కిరింతకే పెట్టారు. ఆమె అదే పేరుని ఆఫీసు బోర్డు మీద పెద్దక్షరాలతో రాయించుకునేసరికి ఆ వెక్కిరింతకి పస లేకుండా పోయింది. ప్రైవేట్ డిటెక్టివుగా జుట్టు నెరిసింది. చత్వారం వచ్చింది. "కళ్ళజోడు పుస్తకాలకే, మనుషులకి అక్కర్లేదు" అంటుంది తన గురించి తనే. అందులో గొప్పలేమీ లేవని ఆమె చేతికి చిక్కినవాళ్ళు ఒప్పుకుంటారు.

గోడ పొడవునా ఆరు పంజరాలు. వాటి ఎదురుగా చేతులున్న పాత కుర్చీ. చనిపోయిన పెద్దాయన ఆ కుర్చీలోనే ఒరిగిపోయి కనిపించాడు.

"కూర్చున్నట్టే ఉన్నాడండీ నాన్న," అంది ఆయన కూతురు, ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని. పిట్టల ఈకల దుమ్ము ఆమెకి పడదు. "నిద్రపోతున్నాడేమో అనుకున్నాను."

"మొదట చూసింది మీరేనా?"

"కాదు, డాక్టరు బాబాయి. నాన్నకి చిన్ననాటి స్నేహితుడు. రోజూ సాయంత్రం బీపీ చూసి, కాసేపు కబుర్లాడి వెళ్తాడు. ఆయనే నాకు ఫోన్ చేశాడు. గుండె ఆగిపోయిందన్నాడు. అదే మాట కాగితం మీద రాసి సంతకం పెట్టాడు."

"మీకు మాత్రం నమ్మకం కుదరలేదు."

"ఎలా కుదురుతుందండీ? కిందటి వారమే నాన్న పెద్దాసుపత్రిలో గుండె పరీక్షలన్నీ చేయించుకున్నాడు. కుర్రాడి గుండెలా ఉందన్నారట. ఆ మాట చెప్పి పొంగిపోయాడు. వారం తిరక్కుండా గుండె ఆగిపోయిందంటే..." ఆమె చేతిరుమాలుతో కళ్ళు ఒత్తుకుంది. "నేను శవాన్ని తీసుకోనని మొండికేశాను. ఇన్‌స్పెక్టర్ గారు సాయంత్రం దాకా గడువిచ్చారు. ఈలోగా ఏదీ తేలకపోతే సంతకం పెట్టాల్సిందే."

"చాలు. సాయంత్రం దాకా అంటే బోలెడంత సమయం," అంది గద్దమ్మ.

పిట్టల గోల తగ్గింది. అన్నీ ఫించ్ పిట్టలు, బొటనవేలంత ఒళ్ళు, ఎర్రటి ముక్కు. అయిదు పంజరాల్లో అన్నీ మామూలు బూడిద రంగువే. చివరి పంజరంలో మాత్రం ఒకటి బూడిద, ఇంకొకటి గోధుమ రంగు. గద్దమ్మ ఒక్కో పంజరం దగ్గరా ఆగి, గూడు పెట్టెల్లోకి తొంగి చూసింది. మూడింట్లో గుడ్లున్నాయి. వేలితో తాకి చూసింది. చల్లగా ఉన్నాయి. ఒక్క పిట్టకీ వాటి మీద ధ్యాస లేదు. గుడ్లు పెట్టినది మరెవరో, తమకేమీ సంబంధం లేనట్టు అవతలి మూల బిక్కుబిక్కుమంటూ ముడుచుకుని కూర్చున్నాయి.

"వీటికి మేత ఎవరు పెడుతున్నారు?"

"నేనే. పొద్దున్నే వచ్చి పెట్టి, తుమ్ముకుంటూ వెళ్తున్నాను."

అంతలో తలుపు భళ్ళున తెరుచుకుంది. పిట్టలన్నీ ఒక్కసారి ఎగిరి ఊచలకి కొట్టుకున్నాయి. బూట్ల చప్పుడుతో లోపలికొచ్చాడు ఇన్‌స్పెక్టర్. అతని వెనక, బట్టతల మీద చెమట తుడుచుకుంటూ ఇంకో పెద్దమనిషి.

"మీరు రమ్మన్నారని ఈయన్ని వెంటబెట్టుకొచ్చాను గద్దమ్మ గారూ. నేను మీ బంట్రోతుని కాదన్న సంగతి మీరు మర్చిపోయినా నేను మర్చిపోలేదు."

"బంట్రోతు పనికే అయితే మీకు ఫోన్ చేస్తానా? వీధి చివర ఆటో దొరకదూ?" అంది ఆమె నవ్వుతూ. "కాస్త నెమ్మదిగా నడవండి. సాక్షులు భయపడుతున్నారు."

"సాక్షులా! పిట్టలా?" ఇన్‌స్పెక్టర్ నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "చూడండి. తలుపు పగలలేదు. ఒంటి మీద గాయం లేదు. డాక్టరు కాగితం ఉంది. దుఃఖంలో ఉన్న ఆడపిల్ల చేతిలో లేనిపోని ఆశ పెట్టి ఫీజు గుంజడం మీకు తగదు."

"గుంజేటప్పుడు చెబుతాను, పక్కనే నిలబడి చూడండి. ముందు ఈయనతో మాట్లాడనివ్వండి."

బట్టతలాయన్ని పిట్టల్ని పెంచే సరదా ఉన్నవాళ్ళంతా జుట్టుపిట్టలాయన అంటారు. ఆయన నెత్తిన వెంట్రుక లేదు గానీ ఆయన పెంచే ఫించ్‌లన్నింటికీ నెత్తిన పువ్వులా విచ్చుకున్న జుట్టుంటుంది. రైల్వేలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. ప్రతి ప్రదర్శనలోనూ చనిపోయినాయనకి పోటీ. ఇద్దరికీ కొన్నేళ్ళుగా మాటల్లేవు.

"ఆయనంటే మీకు గిట్టదటగా?" సూటిగా అడిగింది గద్దమ్మ.

"గిట్టదు," అన్నాడాయన అంతే సూటిగా. "ఎలా గిట్టుతుందమ్మా? ఎప్పుడు చూడు, ఆయన పిట్టే ముందు. నా పిట్ట వెనక."

"ఎందుకని?"

జుట్టుపిట్టలాయన పంజరాల వైపు తిరిగాడు. శత్రువు గురించి చెబుతున్నా గొంతులో గౌరవం దాగలేదు. "కొత్త రంగు కావాలని అందరికీ ఉంటుంది. అందరూ ఏం చేస్తారంటే, అందంగా ఉన్నదాన్ని తెచ్చి ఇంకో అందమైనదానికి జత కడతారు. పిల్లలు రంగుతో పుడతాయి. మళ్ళీ వాటిలో వాటికే కడతారు. నాలుగు తరాలు తిరిగేసరికి పిట్ట చిక్కిపోతుంది, ఈకలు పలచబడతాయి, గుడ్లు తేలిపోతాయి. నేనూ చేశాను ఆ తప్పు. జుట్టున్నదాన్ని జుట్టున్నదానికి కట్టి, గుడ్డులోనే పిల్లల్ని చంపుకున్నాను. ఈయన అలా కాదు. ముందు రంగు చూడడు. తల చూస్తాడు, ఛాతీ చూస్తాడు, పిల్లల్ని శ్రద్ధగా మేపే జాతా కాదా అని చూస్తాడు. గట్టి బూడిద పిట్టల్ని పోగేసుకుని, వాటిలోకి రంగు పిట్టని ఒక్కదాన్ని దించుతాడు. ఆ తర్వాత ఓపిగ్గా కూర్చుంటాడు. రంగు కనబడకుండా కొన్ని పిట్టల కడుపులో దాక్కుని ఉంటుంది. ఏ పిట్టలో ఉందో పసిగట్టి ఎంచుకోవడంలోనే ఉంది విద్యంతా."

"అయితే ఈ గోధుమ రంగుదే ఆయన దించిన పిట్ట?"

"అయ్యుండాలి. నన్ను ఈ గదిలోకి రానిచ్చి ఎన్నేళ్ళయిందని! ఆయన పిట్టల్ని పోటీవాళ్ళెవరికీ చూపించేవాడు కాదు."

గద్దమ్మ కూతురి వైపు తిరిగింది. "ఈ జంటలో తల్లి ఏదో మీకు తెలుసా?"

"గోధుమ రంగుదండీ," అంది ఆమె తడుముకోకుండా. "నాన్న దాన్ని గోధుమ తల్లి అనేవాడు. మా పాపకి దాని కథలే చెప్పేవాడు. మీరు తెమ్మన్నారని దాని పిల్లల్ని కూడా తెచ్చాను. పోయిన నెల పాపకి ఆడుకోవడానికిచ్చాడు." వరండాలో పెట్టిన చిన్న పంజరాన్ని లోపలికి తెచ్చింది. అందులో నాలుగు పిట్టలు. నాలుగూ బూడిద రంగే.

జుట్టుపిట్టలాయన వంగి చూశాడు. తర్వాత చివరి పంజరం దగ్గరికి నడిచాడు. అక్కడే చాలాసేపు వంగి ఉండిపోయాడు. లేచేసరికి ఆయన మొహంలో రంగు మారింది.

"ఇదేమిటి! ఈ గోధుమ రంగుది తల్లి ఎలా అవుతుంది? ఇది మగది."

"మగదా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"బుగ్గల మీద నారింజ రంగు మచ్చలు కనబడ్డం లేదూ? అవి మగవాటికే ఉంటాయి. పక్కనున్న బూడిద దానికి చూడండి, ఏ మచ్చా లేదు. అది ఆడది."

గద్దమ్మ కళ్ళు మెరిశాయి. ఆ మచ్చలు ఆమె వచ్చినప్పుడే చూసింది. నిపుణుడి నోటితో వినడం కోసం ఆగింది. "అయితే పెద్దాయన పొరబడి తల్లీ తల్లీ అన్నాడంటారా?"

"ఆయనా! కళ్ళు మూసుకుని కూత విని చెప్పేస్తాడు. మగవి పాడతాయి, ఆడవి పాడవు."

"సరే, ఆయన పొరబడలేదు. మనం పొరబడ్డామేమో. ఈ గోధుమ మగదే ఆ నాలుగు పిల్లలకి తండ్రి అనుకుందాం. కుదురుతుందా?"

"ఛస్తే కుదరదు," అన్నాడు జుట్టుపిట్టలాయన. "గోధుమ రంగు తండ్రి నుంచి కూతుళ్ళకి సూటిగా దిగుతుంది. తండ్రి గోధుమ రంగుదైతే కూతుళ్ళలో ఒక్కటి కూడా బూడిదగా పుట్టదు. ఈ నాలుగింటిలో రెండు ఆడపిల్లలున్నాయి. రెండూ బూడిదే. అంటే తండ్రి బూడిద రంగుది, తల్లి గోధుమది. పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం."



"అంటే," అంది గద్దమ్మ ఒక్కో మాటా విడదీసి, "ఈ పంజరంలో ఉన్నవి ఆ పిల్లల తల్లిదండ్రులు కావు. ఎవరో తెచ్చి పెట్టిన పిట్టలు. మిగతా అయిదు పంజరాల్లోవీ అంతే. అందుకే గుడ్లు పొదగడం లేదు. అవి వీటి గుడ్లు కావు కాబట్టి."

"కాళ్ళకి గుర్తు రింగులున్నాయిగా!" ఇన్‌స్పెక్టర్ ముందుకొచ్చాడు. "నేనూ గుడ్డివాణ్ణి కాను. ఆ రోజే చూశాను. అన్నిటికీ రంగు వెలిసిన పాత రింగులే."

"ప్లాస్టిక్ రింగులు. గోటితో విప్పి ఇంకో కాలికి తొడగొచ్చు. గోధుమ రంగు దాని రింగు గోధుమ రంగు దానికే తొడిగాడు, బూడిద దానిది బూడిద దానికి. రంగు చూశాడు గానీ బుగ్గలు చూడలేదు. షాపుకెళ్ళి ఒక గోధుమ, ఒక బూడిద కలిసిన జంట కావాలని అడిగుంటాడు. షాపువాడు జంట ఇచ్చాడు. మగా ఆడా తారుమారయ్యాయని కొన్నవాడికి తెలియలేదు."

ఇన్‌స్పెక్టర్ మొహం ఒక్కసారి వెలిగిపోయింది. చటుక్కున జుట్టుపిట్టలాయన భుజం పట్టుకున్నాడు. "అర్థమైంది! పోటీ తట్టుకోలేక ఈయనే అసలు పిట్టల్ని ఎత్తుకుపోయి మామూలువి పెట్టాడు. అది చూసి పెద్దాయన గుండె ఆగింది. పదండి స్టేషనుకి!"

"చెయ్యి తీయండి," అంది గద్దమ్మ. గొంతు పెంచలేదు. అయినా ఇన్‌స్పెక్టర్ చెయ్యి తీశాడు. "ఈయన చేసుంటే ఆడా మగా తేడా తెలియక తప్పు చేస్తాడా? నిద్రలో లేపినా చెయ్యడు. ఎత్తుకుపోయినవాడెవడూ రింగులు విప్పి తొడుగుతూ కూర్చోడు. మీరు అడగాల్సిన ప్రశ్న అది కాదు. పన్నెండు పిట్టల్ని మార్చాల్సిన అవసరం ఎందుకొచ్చింది?"

ఆమె వేలితో ఒక ఊచని తట్టింది.

"చచ్చిపోయాయి కాబట్టి. మనిషి చచ్చిన గదిలో పిట్టలన్నీ కూడా చచ్చి పడుంటే, గుండె ఆగిందని ఎంత మొండి పోలీసైనా నమ్మడు. గాలిలో ఏదో కలిసిందని పసిపిల్లాడికి కూడా తెలిసిపోతుంది. గాలి చెడితే మనిషి కంటే ముందు పిట్ట పోతుంది."

ఆమె తలెత్తింది. గోడ పైభాగాన పక్క స్నానాల గదిలోంచి ఒక రేకు గొట్టం వచ్చి, పంజరాల మీదుగా సాగి, అవతలి గోడలోంచి బయటికి పోతోంది.

"అదేమిటి?"

"గ్యాస్ గీజరు పొగగొట్టం," అంది కూతురు. "పాత ఇల్లు కదా, వేరే దారి లేదన్నారు. అందుకే నాన్న ఈ గది కిటికీ ఎప్పుడూ తెరిచే ఉంచేవాడు."

గద్దమ్మ పెద్దాయన కుర్చీని ముట్టుకోలేదు. వంటింట్లోంచి స్టూలు తెచ్చుకుని ఎక్కింది. చీర కొంగు నడుముకి బిగించి, గొట్టం అతుకు మీద టార్చి వేసింది. గొట్టమంతా దుమ్ము పట్టి, జిడ్డుగా ఉంది. అతుకు దగ్గర మాత్రం వేళ్ళతో పట్టుకున్నంత మేర దుమ్ము లేదు. బిగింపు మర మీద స్క్రూడ్రైవర్ జారిన గీత తళతళలాడుతోంది. దాని వెనక గోడకి పట్టిన నల్లటి మసిని ఎవరో తడిగుడ్డతో తుడిచారు. తుడిచిన చోటు చుట్టుపక్కల గోడ కంటే తెల్లగా, వలయంగా కనిపిస్తోంది.

"ఎక్కండి ఇన్‌స్పెక్టర్ గారూ, మీరూ చూడండి. అతుకు ఊడదీసి, కిటికీ మూసి, పక్క గదిలో వేణ్ణీళ్ళ కొళాయి తిప్పి వదిలేశాడు. ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. పెద్దాయనకి మధ్యాహ్నం ఈ కుర్చీలోనే కునుకు తీసే అలవాటు. కునుకులోనే పోయాడు."

ఇన్‌స్పెక్టర్ స్టూలు ఎక్కాడు. చాలాసేపు దిగలేదు. దిగాక టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"కోర్టులో ఇది నిలబడదు," అన్నాడు. కానీ ఆ మాటలో ఇందాకటి పొగరు లేదు.

"తెలుసు. నిలబడేది మార్చురీలో ఉంది. ఒక్క సూది రక్తం తీసి, అందులో పొగ విషం ఉందో లేదో చూడమనండి. గంటలో తేలుతుంది. లేదంటే నేను తోక ముడిచి వెళ్ళిపోతాను. ఇక జన్మలో మీ స్టేషను గడప తొక్కను."

"ఆ చివరి మాట కోసమైనా చేయించాలి," అని గొణుక్కుంటూ ఇన్‌స్పెక్టర్ వరండాలోకి వెళ్ళి ఫోన్ తీశాడు.

అతను ఫోన్‌లో మార్చురీవాళ్ళని గద్దిస్తూ, జవాబు కోసం కాచుక్కూర్చున్న గంటసేపూ కూతురు ఆ బూడిద రంగు పిల్లల్నే చూస్తూ ఉంది. కళ్ళ నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. గద్దమ్మ ఆమె పక్కన నేల మీదే చతికిలబడింది.

"ఏడవండి, తప్పులేదు. ఏడుస్తూనే ఒక్కటి చెప్పండి. ఈ మధ్య నాన్నగారు ఎవరితోనైనా గొడవ పడ్డారా?"

"నాన్నకి గొడవేమిటండీ! పిట్టలూ, మా పాపా, అంతే ఆయన లోకం."

"పోనీ, ఎప్పుడూ అడగని మాట ఏదైనా అడిగారా?"

ఆమె ఆలోచించింది. "ఒకటి అడిగాడు. నా బ్లడ్ గ్రూపు ఏమిటి, మా ఆయనది ఏమిటి అని. బడిలో పాపకి కార్డు ఇచ్చారు, దాని మీద గ్రూపు రాసుంది. అది చూసి అడిగాడు."

"ఏమిటవి?"

"మా ఇద్దరిదీ ఓ. పాపది బి." ఆమె ముక్కు చీదుకుంది. "అది విని నాన్న ఆ కార్డుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత ఏదో పిట్టల లెక్క చెప్పాడు. రెండు తెల్ల పిట్టలకి ఎక్కడా బూడిద పిల్ల పుట్టదమ్మా అన్నాడు. నాకు అర్థం కాలేదు. మర్నాడు ఫోన్ చేసి, పాప పుట్టిన ఆస్పత్రిలోనే వైద్యం చేయించుకుని పిల్లల్ని కన్నవాళ్ళు ఇంకెవరైనా తెలుసా అని అడిగాడు."

ఓ గ్రూపు తల్లికీ ఓ గ్రూపు తండ్రికీ బి గ్రూపు బిడ్డ పుట్టదు. తరాల తరబడి రంగుల లెక్క వేసిన మనిషికి ఆ సంగతి తట్టడానికి ఒక్క క్షణం చాలు.

"పాప ఏ ఆస్పత్రిలో పుట్టింది?"

"డాక్టరు బాబాయి ఆస్పత్రిలోనే. పెళ్ళయి ఎనిమిదేళ్ళయినా మాకు పిల్లలు లేరు. ఆయనే సంతాన వైద్యం చేశాడు. మా పాలిట దేవుడు. మాలాంటివాళ్ళు ఎందరికో..." మాట మధ్యలోనే ఆగిపోయింది. ఆమె గద్దమ్మ మొహంలోకి చూసింది. "ఎందుకలా చూస్తున్నారు? నా పాప... నా పాప కాదా?"

గద్దమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "మీ పాప మీ పాపే. దాన్ని ఏ రక్తమూ మార్చలేదు. కానీ ఆ వైద్యంలో మీ ఇద్దరి బిడ్డ అని చెప్పి వేరే ఎవరి బీజమో పెట్టారు. మీ ఒక్కరికే కాదేమో. మీ నాన్న కనిపెట్టాడు. చిన్ననాటి స్నేహితుడు కదా అని, ముందు అతన్నే అడిగుంటాడు. ఇప్పుడు దానికి మిగిలిన సాక్ష్యం పాప రక్తం ఒక్కటే."

వరండాలోంచి ఇన్‌స్పెక్టర్ లోపలికొచ్చాడు. ఈసారి బూట్లు చప్పుడు చేయలేదు.

"మీరే గెలిచారు. రక్తం నిండా అదే విషమట. శవం ఒళ్ళు అసహజంగా ఎర్రబారిందని మార్చురీ అటెండరు ముందే అనుకున్నాడట. డాక్టరు సర్టిఫికెట్ ఉందని నోరు మూసుకున్నాడు." టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు. "ఎవరంటారు?"

"పిట్టల గురించి తెలియనివాడు, విషం గురించి బాగా తెలిసినవాడు. రోజూ ఈ గదికొచ్చి గోధుమ తల్లి కథలు సగం సగం విన్నవాడు. శవాన్ని మొదట తనే చూసి, గుండె ఆగిందని తన చేత్తోనే రాసుకున్నవాడు. జీపు తీయించండి. అతని ఆస్పత్రికి."

ఇన్‌స్పెక్టర్ తలుపు వైపు కదిలాడు. గుమ్మం దాటబోతుంటే కూతురి ఫోన్ మోగింది. తెర మీద పేరు చూసి ఆమె ఫోన్‌ని గద్దమ్మ వైపు తిప్పింది. డాక్టరు బాబాయి.

"ఎత్తండి," అంది గద్దమ్మ. "అందరికీ వినపడేలా పెట్టండి. ఎప్పటిలాగే మాట్లాడండి. గొంతు వణికితే ఏడుస్తున్నానని చెప్పండి, నమ్ముతాడు."

"హలో... బాబాయ్."

"తల్లీ, సంతకం పెట్టేశావా? నాన్నని ఇంకెన్నాళ్ళు అలా ఉంచుతావమ్మా?" మెత్తటి, ఆప్యాయమైన గొంతు. ఆ గొంతు విని జుట్టుపిట్టలాయన కుర్చీ వైపు చూసి తల దించుకున్నాడు.

"పెడతాను బాబాయ్. పాప బడి నుంచి వచ్చే వేళైంది. దాన్ని తీసుకుని..."

"పాప కోసం నువ్వు కంగారు పడకు. బడిలో కాస్త ఒళ్ళు వెచ్చబడిందని కబురొస్తే నేనే వెళ్ళి తీసుకొచ్చాను. ఇక్కడ మా ఆస్పత్రిలోనే ఉంది. తాతయ్య కోసం ఏడుస్తోంది పిచ్చితల్లి."

గద్దమ్మ పెదాలు కదిలించి, చప్పుడు లేకుండా చెప్పింది: వస్తున్నానని చెప్పండి. ఇన్‌స్పెక్టర్ అప్పటికే మెట్ల మీద పరిగెడుతున్నాడు.

"ఇదిగో బాబాయ్... ఇప్పుడే బయల్దేరుతున్నాను."

"నెమ్మదిగా రా తల్లీ, తొందరేం లేదు," అంది ఆ మెత్తటి గొంతు. "ఇప్పుడే ఇంజెక్షన్ ఇచ్చాను. హాయిగా నిద్రపోతోంది."